రుమేనియా జానపద సంగీతం: పాటకు పొలిమేరలు

మాటకు మాండలికం ఉన్నట్లే పాటకు కూడా మాండలికం ఉంటుంది. నాలుగు కొండలు దాటేసరికి యాస మారినట్లు బాణీ, వాద్యం, నడక మారిపోతాయి. తూర్పు ఐరోపాలోని రుమేనియా దేశం ఇందుకు చక్కని ఉదాహరణ.

ఉత్తరాన మరమురేష్ సీమలో వయొలిన్‌కు తోడు ‘జోంగోరా’ అనే కొద్దిపాటి తంత్రుల గిటారు, డోలు వినిపిస్తాయి. ట్రాన్సిల్వేనియా పల్లెలలో మూడు తంత్రుల వయోలా ప్రసిద్ధం. తంత్రులు ఆనే చెక్క చదునుగా ఉండడంవల్ల కమాను మూడింటిని ఒకేసారి పలికిస్తుంది. బిహోర్‌లో వయొలిన్‌కు కొయ్య డొల్లకు బదులు గ్రామఫోను బూర వంటి లోహపు బూర అమర్చి ఉంటుంది. బనాత్‌లో తారోగాత్ అనే ఊదే వాద్యానిది అగ్రస్థానం. వాద్యధ్వనిని బట్టే సీమను గుర్తించవచ్చునన్నమాట.

వీటన్నిటికీ అంతర్వాహినివంటిది ‘దోయ్నా’ అనే గేయరీతి. దీనికి తాళనియమం లేదు. గాయకుడు భావాన్ని అనుసరించి స్వరాన్ని సాగదీస్తూ, అప్పటికప్పుడు అల్లుకొంటూ పాడతాడు. విరహం, బెంగ, ఆర్తి అన్నీ ఇమిడిన ‘దోర్’ అనే రుమేనియన్ పదమే దీని ప్రాణం. 2009లో యునెస్కో దోయ్నాను మానవజాతి అమూర్త సాంస్కృతిక వారసత్వ జాబితాలో చేర్చింది.

ఈ సంపదను శాస్త్రీయంగా సేకరించినవారిలో అగ్రగణ్యుడు బేలా బార్తోక్. ఆయన హంగేరియన్. 1909 మొదలు పల్లెపల్లెకు ఫోనోగ్రాఫు మోసుకొనిపోయి మూడువేలకు పైగా రుమేనియన్ బాణీలను సేకరించాడు. మరమురేష్‌లో ‘హోరా లుంగా’, అనగా ‘పొడవైన పాట’, ఆయనను ఆకర్షించింది. దాని పోలికలు అరబ్బు, పారశీక గానరీతులలోనూ ఉన్నవని ఆయన గుర్తించాడు. అయితే 1920లో, రెండు దేశాల మధ్య సరిహద్దు వివాదం రగులుతున్న వేళ, రుమేనియన్ల సంగీత మాండలికంపై ఆయన రాసిన వ్యాసం జర్మన్ భాషలో వెలువడగానే స్వదేశీయులే కొందరు ఆయనను దేశద్రోహిగా నిందించారు. పొరుగువాని పాటను ప్రేమించడమే ఆయన చేసిన నేరం!

మరొక వైచిత్రి గమనించండి. పెండ్లిళ్లలో, పండుగలలో ఆయా సీమల బాణీలను తరతరాలుగా వాయించి కాపాడినవారు ‘లౌతారులు’ అనే వృత్తివాద్యకారులు. వీరిలో అధికులు రోమా జాతివారు. మొల్దావియాలో 1855 వరకు, వలాకియాలో 1856 వరకు రోమాలు జమీందారులకు బానిసలు. తమకంటూ గుర్తింపు లేనివారే ఊరి గుర్తింపును తమ కమానుపై నిలబెట్టారు. ‘లౌతారు’ అనే పేరుకు మూలమైన ‘ల్యూట్’ వాద్యనామం సైతం అరబ్బీ ‘అల్-ఊద్’ నుండి వచ్చినదే.

కనుక ప్రాంతీయత అబద్ధం కాదు. బిహోర్ బాణీ బిహోర్‌దే. కాని దానిని పలికించిన చేయి ఒకరిది, పదిలపరచిన చెవి మరొకరిది, దాని పోలిక దూరదేశాలది. “ఈ పాట మాది” అని గర్వించడం సహజమే. “మాది మాత్రమే” అన్నప్పుడు మాత్రం ఆ పాటను మనం సగమే విన్నట్లు.