వాడని బాత్రూం నుంచి డ్రైనేజీ కంపు.. ఫినాయిల్ పోసినా పోవట్లేదా? ముందు ఒక చెంబు నీళ్లు పోసి చూడండి!

వేసవి సెలవులకు ఊరెళ్లి నెల తర్వాత తిరిగొచ్చారు. తాళం తీసి లోపల అడుగు పెట్టగానే గుప్పుమని డ్రైనేజీ కంపు. ఎలుక చచ్చిందేమోనని మంచం కిందా, అటక మీదా వెతుకుతారు. ఏమీ దొరకదు. బాత్రూం చూస్తే వెళ్లేటప్పుడు కడిగింది కడిగినట్టే ఉంటుంది. నెల రోజులుగా ఎవరూ వాడని బాత్రూంలో కంపు ఎక్కడి నుంచి వచ్చినట్టు?

ఎవరూ వాడలేదు కాబట్టే వచ్చింది.

ఆ కాసిన్ని నీళ్లే మూత

బాత్రూంలో జాలీ కింద పైపు నేరుగా డ్రైనేజీలోకి దిగదు. మధ్యలో చిన్న గిన్నెలాంటి భాగం ఉంటుంది. ప్లంబర్లు దాన్ని నహానీ ట్రాప్ అంటారు. మనం పోసిన నీళ్లన్నీ వెళ్లిపోయినా, ఇందులో మాత్రం కొన్ని నిలిచిపోతాయి. సాధారణంగా 50 మిల్లీమీటర్ల లోతు, అంటే రెండు అంగుళాలు. అటువైపు డ్రైనేజీ గ్యాస్, ఇటువైపు మన ఇల్లు.. మధ్యలో అడ్డుగా ఉండేది ఆ నీళ్లే. సింక్ కింద వంపు తిరిగిన పైపు చేసేదీ ఇదే పని, కమోడ్ అడుగున నిలిచే నీళ్లు చేసేదీ ఇదే పని. ఇదేమీ కొత్త టెక్నాలజీ కాదు. లండన్‌లో గడియారాలు తయారుచేసే అలెగ్జాండర్ కమింగ్ 1775లోనే వంపు పైపు ఉన్న టాయిలెట్‌కి పేటెంట్ తీసుకున్నాడు.

రోజూ స్నానం చేసే బాత్రూంలో ఈ నీళ్లు ఎప్పటికప్పుడు నిండుతూనే ఉంటాయి. చిక్కంతా చుట్టాలొస్తేనే తలుపు తీసే గెస్ట్ బాత్రూంతోనే. బాల్కనీలో ఎప్పుడో వాషింగ్ మెషిన్ కోసం వదిలేసిన పాయింట్, పూర్తిగా తాళం వేసి ఉంచే ఫ్లాట్ల సంగతీ అంతే. మే నెల ఎండలకు ఆ రెండంగుళాల నీళ్లు కొన్ని వారాల్లోనే ఆవిరైపోతాయి. ఇక ఇంటికీ డ్రైనేజీకీ మధ్య అడ్డే ఉండదు. కుళ్లిన కోడిగుడ్డు వాసన వచ్చే హైడ్రోజన్ సల్ఫైడ్ పైకొస్తుంది. దాని వెనకాలే బొద్దింకలూ వస్తాయి.

హాంకాంగ్‌లో జరిగింది ఇదే

కంపే కదా, రెండు అగరుబత్తీలు వెలిగిస్తే పోతుందిలే అనుకునేవాళ్లు ఈ సంగతి వినాలి. 2003 మార్చిలో హాంకాంగ్‌లోని అమోయ్ గార్డెన్స్ అపార్ట్‌మెంట్లలో సార్స్ ఒక్కసారిగా విజృంభించింది. 300 మందికి పైగా దాని బారిన పడ్డారు, 42 మంది చనిపోయారు. ఎక్కువ కేసులు ఒకే బ్లాక్‌లో వచ్చాయి. వైరస్ సోకిన ఓ వ్యక్తి అక్కడి ఓ ఫ్లాట్‌కి వచ్చి టాయిలెట్ వాడారు. ఆ తర్వాత దర్యాప్తు చేసిన అధికారులు చూపించిన ముఖ్య కారణాల్లో ఒకటి.. ఎండిపోయిన బాత్రూం ట్రాపులు. అక్కడ చాలామంది నేలను నీళ్లు పోసి కడగరు, మాప్‌తో తుడుస్తారు. దాంతో జాలీలోకి నీళ్లే వెళ్లలేదు. తలుపు మూసి ఎగ్జాస్ట్ ఫ్యాన్ వేస్తే అది డ్రైనేజీ పైపులోని గాలిని, వైరస్ ఉన్న తుంపరలతో సహా, బాత్రూంలోకి లాగింది.

మీ ఇంట్లో కంపు వస్తే రోగం వచ్చేసినట్టే అని కాదు. కానీ పై ఫ్లాట్, కింది ఫ్లాట్ అన్నీ ఒకే పైపుకు కలిసే చోట ఆ చిన్న నీటి అడ్డు ఎంత పెద్ద కాపలానో అప్పుడు తెలిసింది. అందుకే ప్రతి డ్రెయిన్‌లో వారానికోసారి అర లీటరు నీళ్లు పోయాలని హాంకాంగ్ ఆరోగ్య శాఖ అక్కడి జనానికి ఇప్పటికీ చెబుతోంది.

మరి మనం చేయాల్సింది?

అదే. వాడని ప్రతి జాలీలో, సింక్‌లో వారానికోసారి ఒక చెంబు నీళ్లు పోయండి. కమోడ్ అయితే ఒకసారి ఫ్లష్ నొక్కండి. ఇప్పటికే కంపు ఉంటే కిటికీలు తెరిచి, నీళ్లు పోసి గంటసేపు చూడండి. వాసన తగ్గిపోయిందంటే కారణం ట్రాప్ ఎండిపోవడమే.

నెలకు పైగా ఊరెళ్తుంటే చిన్న కిటుకు ఉంది. నీళ్లు పోశాక పైన రెండు మూడు స్పూన్ల వంటనూనె వేయండి. నూనె నీటి మీద పొరలా తేలి ఆవిరి కాకుండా చూస్తుంది. కొబ్బరి నూనె వద్దు, చలికాలంలో గడ్డకడుతుంది. ఉంది కదా అని గ్లాసుడు నూనె పోసినా పైపుకే చేటు. జాలీ మీద ప్లాస్టిక్ షీట్ పరిచి, దానిపై బరువు పెట్టి వెళ్లడం కూడా మంచిదే.

ఇక కంపు పోవాలని యాసిడ్, బ్లీచింగ్ రెండూ కలిపి పోసేవాళ్లున్నారు. పొరపాటున కూడా ఆ పని చేయొద్దు. రెండూ కలిస్తే క్లోరిన్ గ్యాస్ పుడుతుంది, మూసి ఉన్న బాత్రూంలో అది ప్రాణాల మీదకు తెస్తుంది. చాలా టాయిలెట్ క్లీనర్లలో ఉండేదీ యాసిడే. కలరా ఉండలు వేస్తే వాసన మీద ఇంకో వాసన తోడవడం తప్ప ఉపయోగం లేదు.

నీళ్లు పోసినా వాసన వస్తోందా?

ముందు జాలీ ఎత్తి చూడండి. చాలా ట్రాపుల్లో లోపల బోర్లించినట్టు ఓ చిన్న గిన్నె ఉంటుంది. క్లీనింగ్‌కి వచ్చినవాళ్లు అది తీసి పక్కన పెట్టి మర్చిపోతుంటారు. అది లేకపోతే ఎన్ని నీళ్లు పోసినా అడ్డు ఏర్పడదు. తర్వాత వాష్ బేసిన్ కింద చూడండి. ముడతల ప్లాస్టిక్ పైపును వంపు లేకుండా నేరుగా నేలలోని రంధ్రంలోకి దూర్చేసి ఉంటే, ఆ రంధ్రం చుట్టూ ఉన్న సందులోంచే వాసన వస్తుంది. అక్కడ బాటిల్ ట్రాప్ బిగించి, సందు మూయించాలి. ఏసీ నీళ్ల పైపును డ్రైనేజీకి కలిపేసిన ఇళ్లలో అయితే కంపు బెడ్‌రూంలోకే వస్తుంది.

పోసిన నీళ్లు ఒకటి రెండు రోజుల్లోనే మాయమైతే ట్రాప్ పగిలి ఉండొచ్చు, లేదా లోపల ఇరుక్కున్న వెంట్రుకలు వత్తిలా నీళ్లను అవతలికి లాగేస్తుండొచ్చు. పై అంతస్తులో ఫ్లష్ చేసినప్పుడల్లా మీ జాలీలో గుడగుడమంటే మాత్రం డాబా మీద గాలి పైపు పనిచేయట్లేదేమో అని అనుమానించాలి. వర్షం పడుతుందనో, చూడ్డానికి బాలేదనో దాన్ని మూసేస్తుంటారు. అప్పుడు పైపులో గాలి ఆడక ట్రాపుల్లోని నీళ్లను లాగేస్తుంది. అది మీ ఒక్కరి ఫ్లాట్‌లో బాగయ్యే పని కాదు, అసోసియేషన్‌తో మాట్లాడాల్సిందే.

పిల్లల దగ్గరికి అమెరికా వెళ్లి ఆర్నెల్లు ఉండే పెద్దవాళ్లు తాళాలు పక్కింటివాళ్లకు ఇచ్చి మొక్కలకు నీళ్లు పోయమని చెప్పి వెళ్తారు కదా.. బాత్రూం జాలీలో కూడా ఒక చెంబు పోయమని అప్పుడే చెప్పండి.