అమ్మ బతికుండగానే

మే నెల రెండో ఆదివారం మన మందిరాల్లో తల్లులకు శాలువాలు కప్పుతాం. ఐదో ఆజ్ఞలో దేవుడు అడిగిన సన్మానం అంతటితో తీరేది కాదు. కరువు నేలలో సంఘాన్ని మోసిన తల్లుల సాక్షిగా ఆ ఆజ్ఞను మరోసారి చదువుకుందాం.

పొదిలి, కనిగిరి, మార్కాపురం, గిద్దలూరు... ఈ ఉమ్మడి ప్రకాశం జిల్లా పడమటి ప్రాంతంలో మే నెలంటే మండే ఎండ, ట్యాంకరు కోసం వరుసలో పెట్టిన బిందెలు, వలస వెళ్లినవాళ్లు పెళ్లిళ్లకు ఊరు రావడం. ఆ నెల రెండో ఆదివారం మందిరాల్లో మదర్స్ డే చేస్తారు. సండే స్కూలు పిల్లలు పాట పాడతారు. స్త్రీల సమాజం వాళ్లు పెద్దమ్మలను ముందు వరుసలో కూర్చోబెడతారు. పాస్టరు గారు సామెతల గ్రంథం 31వ అధ్యాయం తీస్తారు. ఆరాధన అయ్యాక కేకు కోస్తారు.

మంచిదే. ఎప్పుడూ పొయ్యి దగ్గర ఉండే మనిషి ఒక్కరోజైనా ముందు వరుసలోకి రావడం చిన్న సంగతి కాదు. కానీ ఆ మధ్యాహ్నం ఆమె ఇంటికెళ్లి, తాళం తీసుకుని, పొద్దున వండిన అన్నం ఒక్కతే పెట్టుకు తింటుంటే మనం చేసిన సన్మానం ఎక్కడిదాకా వెళ్లినట్టు?

ఈ రోజు వెనక ఒక అమ్మ

మదర్స్ డే పుట్టింది కూడా ఒక చర్చిలోనే. అమెరికాలోని పశ్చిమ వర్జీనియా రాష్ట్రం, గ్రాఫ్టన్ పట్టణంలోని మెథడిస్టు చర్చిలో 1908 మే 10న తొలి ఆరాధన జరిగింది. జరిపించినది అన్నా జార్విస్. తన తల్లికి ఇష్టమైన తెల్లని కార్నేషన్ పూలు 500 పంపించింది. ఆ తల్లి ఆన్ రీవ్స్ జార్విస్ కన్న పిల్లల్లో నలుగురే పెద్దవాళ్లయ్యారు. ఆ కడుపుకోతతోనే ఆమె చుట్టుపక్కల ఊళ్ల తల్లులను కూడగట్టింది. పాలు శుభ్రంగా ఉన్నాయా, ఇంటి చుట్టూ మురుగు ఉందా, జబ్బుపడ్డ ఇంటికి మందులు అందుతున్నాయా అని వాళ్లంతా చూసుకునేవారు. 1914లో అధ్యక్షుడు విల్సన్ ఈ రోజును దేశమంతటికీ ప్రకటించాడు. తర్వాత కార్డులు, పూల అంగళ్లు దీన్ని వ్యాపారంగా మార్చేస్తుంటే అన్నా తట్టుకోలేకపోయింది. బతికినంతకాలం దాని మీద పోరాడింది. తల్లి చేసిన సేవను తలచుకోవాలన్నది ఆమె తపన.

కొర్బాను

‘నీ తండ్రిని నీ తల్లిని సన్మానించుము’ అనే ఐదో ఆజ్ఞను మనం పిల్లలకు కంఠతా పట్టిస్తాం. అమ్మానాన్నల మాట వినమని చెప్పడానికి వాడుకుంటాం. నిజానికి సీనాయి కొండ కింద దాన్ని విన్నవాళ్లలో పెళ్లిళ్లయి పిల్లలున్నవాళ్లు, ముసలి తల్లిదండ్రులను వెంటబెట్టుకుని ఎడారిలో నడుస్తున్నవాళ్లు ఉన్నారు. ఆజ్ఞ ముందు వాళ్లకే. లేవీయకాండం 19వ అధ్యాయం ఈ మాటనే మళ్లీ చెబుతూ తండ్రి కంటే ముందు తల్లిని నిలబెట్టింది.

ఈ ఆజ్ఞ మీద యేసు ప్రభువు చాలా కటువుగా మాట్లాడిన చోటు మార్కు సువార్త 7వ అధ్యాయం. తల్లిదండ్రులకు అందాల్సినదాన్ని కొర్బాను, అంటే దేవునికి అర్పించేశాం అని చెప్పి చేతులు దులుపుకోవడం అప్పట్లో ఉండేది. భక్తి పేరుతో ఆజ్ఞనే కొట్టేశారని ఆయన పరిసయ్యులను, శాస్త్రులను నిలదీశాడు. అక్కడ లెక్కకు వచ్చింది పూటకు అన్నం పెట్టే డబ్బు. మందిరం స్లాబుకు అందరిముందు కానుక రాయించి, తల్లి మందుల చీటీని నెలంతా జేబులో మోసే కొడుకులు మన సంఘాల్లోనూ ఉన్నారు. కొర్బాను పోలేదు.

సిలువ మీద వేలాడుతూ కూడా ఆయన తల్లి ఎక్కడ ఉండాలో చూశాడు. ప్రియ శిష్యుడికి అప్పగించాడు. ఆ గడియ నుంచే ఆ శిష్యుడు మరియమ్మను తన ఇంట చేర్చుకున్నాడని యోహాను సువార్త చెబుతుంది. లోక రక్షణ పని మధ్యలో కూడా ఆయనకు అమ్మ తిండి, అమ్మ నీడ అడ్డుగా తోచలేదు.

గుండ్లకమ్మ నేల మీద

ఈ ప్రాంతపు సంఘ చరిత్రలో తల్లులు మొదటి నుంచీ ఉన్నారు. 1854 జనవరి 1 తెల్లవారుజామున ఒంగోలు కొండ మీద ఐదుగురు ప్రార్థనకు మోకరించారు. మిషనరీలు జ్యూయెట్ దంపతులు, వాళ్లతో ముగ్గురు తెలుగు విశ్వాసులు. ఆ ముగ్గురిలో ఇద్దరు స్త్రీలే, జూలియా, రూతు. 1866లో తాళ్లకొండపాడు నుంచి ఒంగోలు నడిచొచ్చి బాప్తిస్మం తీసుకున్న యర్రగుంట్ల పేరయ్య వెంట ఆయన భార్య నాగమ్మ ఉంది. మరుసటి ఏడాది జనవరిలో మిషనరీ జాన్ క్లౌ దొర వాళ్ల ఊరికి వెళ్తే 28 మంది బాప్తిస్మానికి సిద్ధంగా ఉన్నారు.

తర్వాత 1876-78 కరువు. బకింగ్‌హాం కాలువలో మూడున్నర మైళ్ల తవ్వకాన్ని క్లౌ కాంట్రాక్టుకు తీసుకుని ఆకలిగొన్నవాళ్లకు కూలి ఇప్పించాడు. 1878 జూలై 3న గుండ్లకమ్మ నదిలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. ఆ సంఖ్య ప్రపంచమంతా పాకింది. కరువులో పిల్లలను బతికించుకుని, వాళ్లను చంకనేసుకుని ఆ గట్టుకు వచ్చిన తల్లుల పేర్లు మాత్రం ఎవరూ చెప్పుకోరు. తిమోతికి రాసిన ఉత్తరంలో పౌలు అలా వదిలేయలేదు. ఆ యువకుడి విశ్వాసం ఎక్కడిదో చెబుతూ అవ్వ లోయి, తల్లి యునీకే అని పేరుపేరునా రాశాడు.

మన ఇళ్లలో ఆ విశ్వాసం ఎలా వచ్చిందో చూడాలంటే బియ్యం డబ్బా దగ్గరికి వెళ్లాలి. అమ్మ సోలతో బియ్యం కొలుస్తుంది. ఎసట్లో పోసే ముందు ఒక గుప్పెడు వెనక్కి తీసి చిన్న డబ్బాలో వేస్తుంది. ఆదివారం ఆ బియ్యం కొంగుచాటున మందిరానికి చేరుతుంది. ఆ గుప్పెడు ఎవరి కంచంలోంచి తగ్గిందని ఇంట్లో ఎవరూ అడగరు. అందరికన్నా చివర తినేది ఆమే గనుక తగ్గింది ఆమె కంచంలోనే. ఎన్నో పల్లె సంఘాల్లో పాస్టరు గారి ఇంటి పొయ్యి వెలిగింది ఈ గుప్పెళ్లతోనే.

మోకాళ్లు వంగని తల్లులు

పొదిలి, కనిగిరి చుట్టుపక్కల బోరు నీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువ. ఏళ్ల తరబడి తాగితే కీళ్లు బిగుసుకుపోతాయి, నడుము వంగిపోతుంది. ఒకప్పుడు మందిరంలో గంటల తరబడి మోకాళ్ల మీద ఉన్న తల్లి ఇప్పుడు గోడకు చేరగిలబడి, కాళ్లు చాపుకుని ప్రార్థన చేస్తోంది. పిల్లలు హైదరాబాదులోనో బెంగళూరులోనో బిల్డింగ్ పనుల్లో ఉంటారు. మనవళ్లను బడికి పంపే బాధ్యత ఈమెదే. బెయేర్షెబా ఎడారిలో తిత్తిలో నీళ్లు అయిపోయి, బిడ్డను పొద కింద ఉంచి దూరంగా కూర్చుని ఏడ్చిన హాగరు బాధ ఈ తల్లులకు ఎవరూ వివరించనక్కర్లేదు. దేవుడు హాగరుకు బావి చూపించాడు. ఈ తల్లికి మంచినీళ్ల క్యాను తెచ్చిపెట్టే పని మనది.

ఈ ఆదివారం నుంచి

పిల్లలు, మనవళ్లు ముందు తమ ఇంటివాళ్ల రుణం తీర్చడం నేర్చుకోవాలని మొదటి తిమోతి 5వ అధ్యాయం చెబుతుంది. దిక్కులేని విధవరాండ్రను సంఘం చూసుకోవాలనీ అక్కడే ఉంది. కాబట్టి కేకు కోసే ముందు సంఘ పెద్దలు ఒక జాబితా రాయాలి. ఒంటరిగా ఉంటున్న తల్లులు ఎవరు, ఎవరికి బీపీ మాత్రలు అయిపోయాయి, ఎవరికి కళ్ల ఆపరేషన్ చేయించాలి, ఎవరింటికి నీళ్లు మోసేవాళ్లు లేరు. జాబితా రాసే చోట తల్లులు కూడా కూర్చోవాలి, ఎందుకంటే ఎవరి పొయ్యి వెలగలేదో వాళ్లకే తెలుసు. పింఛను 4,000 రూపాయలు వస్తున్నాయి కదా అని కొడుకులు ఊరుకోకూడదు. అది ప్రభుత్వం ఇచ్చేది, మన వంతు ఇంకా అలాగే ఉంది. కన్నవాళ్లను పోషించడం పిల్లల బాధ్యత అని 2007 నాటి తల్లిదండ్రుల, వృద్ధుల పోషణ చట్టం కూడా చెబుతోంది. బైబిలు చేతబట్టిన ఇంటి తల్లి ఆ చట్టం కింద ఫిర్యాదుతో ఆర్డీవో ఆఫీసు మెట్లెక్కే పరిస్థితి రాకూడదు.

అమ్మ పోయాక జ్ఞాపకార్థ కూడికకు మనం వెనకాడం. షామియానా వేస్తాం, ఫ్లెక్సీ కట్టిస్తాం, ఊరందరికీ భోజనాలు పెడతాం. ఆ ఖర్చును ఇప్పటి నుంచే నెలకింత చొప్పున ఆమె చేతిలో పెడదాం. నెలనెలా దశమభాగం లెక్క రాసే పుస్తకంలో పక్క పేజీలో అమ్మ లెక్క కూడా రాద్దాం. రెండూ దేవుడు అడిగినవే.