ఇంటిపని పరిమాణం – పిల్లల ఆరోగ్యం

లక్ష్యాలు

ఈ భాగాన్ని చదివిన తరువాత మీరు:
• ఇంటిపని పరిమాణాన్ని పిల్లల దినచర్యలో భాగంగా లెక్కించగలరు.
• అది నిద్ర, ఆట, మానసిక స్థితిపై చూపే ప్రభావాన్ని వివరించగలరు.
• మన దేశంలోని మార్గదర్శకాలను ఒక పరిస్థితికి అన్వయించగలరు.

1. పరిచయం

సాయంత్రం అయిదు గంటల వేళ విజయవాడ బెంజ్ సర్కిల్ దగ్గర కాసేపు నిలబడి చూడండి. బందరు రోడ్డు మీదుగా పోరంకి, పెనమలూరు, కంకిపాడు వైపు స్కూలు బస్సులు, ఆటోలు వెళుతుంటాయి. కిటికీకి తల ఆనించి కునుకు తీసే పిల్లలు కనిపిస్తారు. వారికి బడి ముగిసింది గాని పని ముగియలేదు. మిగిలిన పని పుస్తకాల సంచిలో వారితోపాటే ఇంటికి వెళుతుంది. దీనినే ఇంటిపని అంటాం. వాడుకలో ఇది హోంవర్కు.

ఇంటిపని మంచిదా, చెడ్డదా అన్నది మన ప్రశ్న కాదు. ఎంత ఇస్తున్నాం? ఏ వయసు వారికి ఇస్తున్నాం? దానికి కావలసిన సమయం ఎక్కడి నుంచి వస్తోంది? ఈ భాగంలో పరిశీలించేది ఈ మూడు ప్రశ్నలనే.

2. ఒక రోజు లెక్క

ఒక ఉదాహరణ తీసుకుందాం. కంకిపాడులో ఉంటూ బెంజ్ సర్కిల్ సమీపంలోని బడిలో ఏడో తరగతి చదివే పన్నెండేళ్ల అమ్మాయిని ఊహించండి. ఆమె ఉదయం 6 గంటలకు లేస్తుంది. 7.30కి బస్సు ఎక్కుతుంది. సాయంత్రం 5.30కి ఇల్లు చేరుతుంది. 6 నుంచి 7.30 వరకు ట్యూషన్. తరువాత భోజనం. 8.30కి ఇంటిపని మొదలుపెడుతుంది.

ఆమెకు ఆరు సబ్జెక్టులు. ఒక్కో ఉపాధ్యాయుడు ఇచ్చింది 25 నిమిషాల పనే. విడిగా చూస్తే ఏదీ ఎక్కువ కాదు. కాని మొత్తం 150 నిమిషాలు, అంటే రెండున్నర గంటలు. పని పూర్తయ్యేసరికి రాత్రి 11 అవుతుంది. నిద్రకు మిగిలేది 7 గంటలు.

ఇంటిపని భారం ఎలా పెరుగుతుందో ఇక్కడ గమనించండి. ఎవరూ ఎక్కువ పని ఇవ్వలేదు. అందరూ ఇచ్చినదాన్ని కలిపి చూసినవారు ఎవరూ లేరు. అంతే కాదు, ఈ దినచర్యలో ఆటకు ఒక్క నిమిషం కూడా లేదు.

3. ఆరోగ్యంపై ప్రభావం

నిద్ర: 6 నుంచి 12 ఏళ్ల పిల్లలకు రోజుకు 9 నుంచి 12 గంటలు, 13 నుంచి 18 ఏళ్ల వారికి 8 నుంచి 10 గంటలు నిద్ర అవసరమని అమెరికన్ అకాడమీ ఆఫ్ స్లీప్ మెడిసిన్ సిఫారసు చేసింది. మన ఉదాహరణలో రోజుకు కనీసం 2 గంటలు తక్కువైంది. పగలు నేర్చుకున్నది జ్ఞాపకంలో స్థిరపడటానికి నిద్ర తోడ్పడుతుంది. నిద్ర చాలకపోతే ఏకాగ్రత తగ్గుతుంది, చిరాకు పెరుగుతుంది. అంటే చదువు కోసం తగ్గించిన నిద్ర మళ్లీ చదువునే దెబ్బతీస్తుంది.

ఆట: 5 నుంచి 17 ఏళ్ల వారికి రోజుకు సగటున 60 నిమిషాల శారీరక శ్రమ ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. ఆరుబయట గడిపే సమయం తగ్గిన పిల్లలలో హ్రస్వదృష్టి వచ్చే అవకాశం ఎక్కువ.

మనసు: అమెరికాలోని కాలిఫోర్నియాలో 10 ఉన్నత పాఠశాలలకు చెందిన 4,317 మంది విద్యార్థులపై జరిపిన అధ్యయనం 2013లో వెలువడింది. వారు రోజుకు సగటున మూడు గంటలకు పైగా ఇంటిపని చేసేవారు. తమ ఒత్తిడికి ప్రధాన కారణం ఇంటిపనేనని 56 శాతం మంది చెప్పారు. అవి సంపన్న ప్రాంతాల బడులు కనుక ఈ అంకెను మన పిల్లలకు యథాతథంగా వర్తింపజేయరాదు. పైగా ఇటువంటి అధ్యయనాలు సంబంధాన్ని చూపుతాయే గాని, కారణాన్ని నిరూపించవు.

4. ఎక్కువ పని, ఎక్కువ ఫలితమా?

హారిస్ కూపర్, ఆయన సహచరులు పలు పరిశోధనలను క్రోడీకరించి 2006లో ప్రచురించారు. ఇంటిపనికి, ఫలితాలకు మధ్య సంబంధం ఏడో తరగతి నుంచి పై తరగతులలో బలంగానూ, కింది తరగతులలో బలహీనంగానూ కనిపించింది. అంటే చిన్న తరగతులలో గంటలు పెంచినంత మాత్రాన ఫలితం పెరుగుతుందని ఆశించలేం.

5. మార్గదర్శకాలు

1989లో రచయిత ఆర్.కె. నారాయణ్ రాజ్యసభలో పిల్లల పుస్తకాల సంచి బరువు గురించి మాట్లాడారు. ఆ తరువాత ప్రొఫెసర్ యశ్‌పాల్ అధ్యక్షతన ఏర్పడిన కమిటీ 1993లో ‘భారం లేని చదువు’పై నివేదిక ఇచ్చింది. 2005 జాతీయ పాఠ్యప్రణాళిక చట్రం, 2020 పుస్తకాల సంచి విధానం ఇంటిపనికి ఈ పరిమితులను సూచించాయి:

• 2వ తరగతి వరకు: ఇంటిపని వద్దు.
• 3 నుంచి 5: వారానికి 2 గంటలు.
• 6 నుంచి 8: రోజుకు 1 గంట.
• 9వ తరగతి నుంచి: రోజుకు 2 గంటలు.

ఇవి ఒక్కో సబ్జెక్టుకు కాదు, అన్నింటికీ కలిపి. ఈ పరిమితిని మన ఉదాహరణకు అన్వయించండి. ఆ అమ్మాయి 9.30కి పని ముగించి వెంటనే పడుకున్నా నిద్ర ఎనిమిదిన్నర గంటలే. అప్పటికీ అరగంట తక్కువే. కాబట్టి ట్యూషన్‌ను, ప్రయాణాన్ని కూడా కలిపి లెక్కించాలి.

6. చేయదగినవి

ఉపాధ్యాయులు తరగతి గదిలో ఒకే పట్టికపై తామిచ్చిన పనిని, దానికి పట్టే నిమిషాలను రాయవచ్చు. మొత్తం పరిమితికి చేరితే ఆ రోజుకు అక్కడితో ఆపాలి. ఇంట్లో చెప్పేవారు లేని పిల్లలను దృష్టిలో ఉంచుకొని, ఎవరి సహాయమూ లేకుండా చేయగలిగిన పనే ఇవ్వాలి. తల్లిదండ్రులు సమయం దాటగానే పుస్తకం మూయించి, ఆ విషయం డైరీలో రాసి సంతకం చేయవచ్చు. ఇంటిపని చేయలేదని కొట్టడం, అవమానించడం విద్యాహక్కు చట్టం, 2009లోని 17వ సెక్షన్‌కు విరుద్ధమని గుర్తుంచుకోండి.

సారాంశం

ఇంటిపని సమయం ఎక్కువగా నిద్ర, ఆటల నుంచే వస్తుంది. ఏ ఒక్క సబ్జెక్టునో చూస్తే ఈ భారం కనిపించదు. రోజు మొత్తాన్ని లెక్కిస్తేనే తెలుస్తుంది.

మీ ప్రగతిని సరిచూసుకోండి

1. ఇంటిపని పరిమితిని సబ్జెక్టువారీగా కాక మొత్తంగా ఎందుకు చూడాలి?
2. నిద్ర తగ్గడం చదువుపై ఎలాంటి ప్రభావం చూపుతుంది?
3. మీ ఇంట్లో గాని, ఇరుగుపొరుగున గాని ఉన్న ఒక బడి పిల్లవాడి మూడు రోజుల దినచర్యను నమోదు చేయండి. నిద్రకు, ఆటకు మిగిలిన సమయాన్ని లెక్కించి, పై సిఫారసులతో పోల్చండి.