మిరప కోతల రైల్లో సముద్రానికి

ఆదోని (మా విలేకరి): సంక్రాంతి వెళ్ళిన మూడో వారంలో, ఆదోనిలో డిగ్రీ చదువుతున్న అయిదుగురు స్నేహితులు బాపట్ల దగ్గరి సూర్యలంకకు పోయి వచ్చారు. అక్కడ ఉన్నది ఒక్క పగలే. ఆ పగటి కోసం రానూపోనూ రెండు రాత్రులు ప్రయాణం.

మన ప్రాంతం పిల్లలకు ఈ ముచ్చట తీరడం అంత తేలిక కాదు. కర్నూలు జిల్లాకు సముద్ర తీరం లేదు. ఆదోని నుంచి బాపట్ల సుమారు 500 కిలోమీటర్లు. ఆ అయిదుగురిలో ఎమ్మిగనూరు అబ్బాయి ఒకడున్నాడు. వాళ్ళ ఊరికి రైలు లేదు కనుక బస్సులో ఆదోనికి వచ్చి మిగతావాళ్ళను కలిశాడు. అందరూ గుంతకల్లు చేరి, నంద్యాల మీదుగా గుంటూరు పోయే రాత్రి బండి పట్టుకున్నారు.

దారి చెప్పింది కోసిగి వైపు పల్లెకు చెందిన కుర్రవాడు. వానికి ఆ దారి కొత్త కాదు. ఆరో తరగతి చదవాల్సిన ఏడాది తల్లి వెంట అదే బండిలో మిరప కోతకు పోయాడు. బడి మళ్ళీ మరుసటి ఏడాదే. ఈసారి కూడా జనరల్ పెట్టెలో కాలు పెట్టడానికి సందు లేదు. కోసిగి, కౌతాళం, పెద్దకడబూరు వైపు కూలీలు జొన్నలు, బియ్యం మూటలు, వంట సామాను, చంకన పిల్లలతో కూర్చున్నారు. తుంగభద్ర దిగువ కాలువ ఉందన్న మాటేగాని చివరి భూములకు నీళ్ళు చేరడం కష్టం. పత్తి ఏరడం అయిపోతే ఇక్కడ పని ఉండదు. అక్కడ అప్పుడే మిరప పండుతుంది. ఏటా నడిచే వ్యవహారమే ఇది.

నల్లమల దాటి తెల్లవారుజామున నరసరావుపేటలో సగం పెట్టె ఖాళీ అయింది. స్నేహితులు కాళ్ళు చాపుకున్నారు. ఈ కుర్రవాడు మాత్రం కిటికీ దగ్గరే కూర్చున్నాడట. వాళ్ళమ్మ అప్పటికి ఇరవై రోజుల కిందట అదే స్టేషన్‌లో దిగింది. కొడుకు సముద్రానికి పోతున్నట్లు ఆమెకు తెలియదు.

గుంటూరు నుంచి పొన్నూరు మీదుగా బాపట్లకు బస్సు. అక్కడి నుంచి తొమ్మిది కిలోమీటర్లు ఆటో. సరుగుడు తోటలు దాటగానే నీళ్ళు కనిపించాయి. ఎవరూ మాట్లాడలేదని, ఎమ్మిగనూరు అబ్బాయి ఒక చుక్క నోట్లో వేసుకొని ఉమ్మేశాక అందరూ నవ్వారని చెప్పాడు.

నడుముకు బెండ్లు కట్టుకొని బావిలో ఈత నేర్చిన ధైర్యం వీళ్ళది. ఒకడు మొలలోతు దాటాడు. ఒడ్డుకు వచ్చిన అలల నీరు తిరిగి సముద్రంలోకి పోవాలి కదా. అది ఒక్కోచోట సన్నని పాయగా వేగంగా పోతుంది. ఆ పాయ దగ్గర అలలు తక్కువగా ఉండి, చూసేవారికి అదే మంచి చోటులా కనిపిస్తుంది. అందులో చిక్కినవాడు ఒడ్డు వైపు ఎంత ఈదినా అలసటే. ఒడ్డు వెంబడి పక్కకు ఈది పాయ నుంచి బయటపడాలి. బావిలో ఇది ఎవరూ నేర్పరు. ఒక జాలరి ఈల వేసి, పరుగున వచ్చి జబ్బ పట్టి లాగాడు. తిట్టాడు కూడా. ఆ తరువాత అందరూ మోకాటిలోతులోనే ఆడుకున్నారు. సూర్యలంకలో ఇంతకు ముందు ఎందరో విద్యార్థులు మునిగి చనిపోయారు. పోయే పిల్లలు ఈ సంగతి తెలుసుకొని పోతే మంచిది.

సాయంత్రం తిరుగు దారిలో నలుగురు నేరుగా వచ్చేశారు. ఈ కుర్రవాడు నరసరావుపేటలో దిగి, ఆటో మాట్లాడుకొని తల్లి ఉన్న పల్లెకు పోయాడు. చేను పక్కన పట్టాలతో వేసిన గుడిసెలు. పొయ్యి దగ్గర ఉన్న తల్లి కొడుకును చూసి బెదిరిపోయింది.

"ఏమైందిరా? ఇంటికాడ అందరూ బాగుండారా?"

"బాగుండారు. సముద్రానికి పోయింటిమి, అట్లే వస్తిని."

"సముద్రమా? యాడుంది అది?"

"ఈడికి దగ్గరేనమ్మా. వంద కిలోమీటర్లు కూడా లేదు."

పదేళ్ళకు పైగా ఆమె ఏటా ఆ చుట్టుపక్కలకే కోతకు వస్తున్నది. అంత దగ్గరలో సముద్రం ఉందని ఎవరూ చెప్పలేదు, ఆమెకు అడిగే పని పడలేదు. చేతులు మిరప ఘాటుకు మండుతుంటే కొంగు చుట్టుకొని, కొడుకు తెచ్చిన గవ్వలు తీసుకొని చూసింది. వచ్చే దారిలో అన్నం తిన్నావా అని అడిగింది. ఈత సంగతి ఆ కుర్రవాడు చెప్పలేదు.

తెల్లవారి బండికి బయలుదేరేటప్పుడు, బాపట్లకు బస్సు చార్జీ ఎంతవుతుందని ఆమె అడిగింది. చెప్పాడు. కోసిన కిలోల లెక్కన కూలి, పోయిన రోజు కూలి పోయినట్లే. మేస్త్రీ దగ్గర ముందే తీసుకున్న డబ్బు ఇంకా తీరలేదు. ఉగాది దాకా కుదరదని, పని ముగిసి ఊరికి బయలుదేరే రోజున మేస్త్రీని అడిగి చూస్తానని ఆమె చెప్పింది.