హారములో దాగిన సున్న



తిరుపతిలో అలిపిరి నుండి మెట్లదారిని తిరుమల కేగినవారు ఇప్పుడు చెప్పబోవు లెక్కను కాళ్లతోనే చేసియుందురు. ఆ దారి సుమారు 9 కిలోమీటర్లు. మెట్లు 3,500కు పైబడి యున్నవి. ఒక యాత్రికుడు ఎక్కిన వేగమునకు ఒకటిన్నర రెట్ల వేగముతో దిగెను. రెంటికిని కలిపి 5 గంటలు నడిచెను. అతడు ఎక్కినది గంటకెన్ని కిలోమీటర్ల చొప్పున?

మన పూర్వగణితజ్ఞులు తెలియని రాశిని ‘యావత్తావత్తు’ అని, ‘యా’ అను గుర్తుతో వ్రాసిరి. ఎక్కు వేగమును మనమును ‘యా’ అందము. దూరమును వేగముచే భాగించిన కాలము వచ్చును గదా! ఎక్కుటకు 9/యా గంటలు. దిగుటకు 9ని ఒకటిన్నర ‘యా’చే భాగింపగా 6/యా గంటలు. అనగా,

9/యా + 6/యా = 5

తెలియని రాశి గీత క్రింద, హారమున, ఉన్నది. ఇరుప్రక్కలను ‘యా’చే గుణించిన 15 = 5యా; కావున యా = 3. ఎక్కుటకు 3 గంటలు, దిగుటకు 2 గంటలు, లెక్క సరిపోయినది.

ఇంత సులభమైనచో ప్రసంగ మెందుకందురేమో! చిత్తూరులో నేను చదువుకొను దినములలో మా ఉపాధ్యాయులు తోతాపురి మామిడిపండ్ల లెక్క నొకటి యిచ్చిరి. కొందరు బాలురుండగా ముగ్గురు వెళ్లిపోయిరి. మొదట బాలురెందరో అన్ని పండ్లు ఒక బుట్టలోను, 3 పండ్లు మరియొక బుట్టలోను ఉన్నవి. ఒక్కొక్క బుట్టను మిగిలినవారికి సమముగా పంచగా, మొదటి బుట్టలోని వంతు రెండవదాని వంతుకంటె 2 పండ్లు హెచ్చు. మొదట బాలురెందరు?

యా/(యా−3) − 3/(యా−3) = 2

నేను ఇరుప్రక్కలను (యా−3)చే గుణించితిని. యా−3 = 2యా−6; యా = 3. జవాబు క్రింద రెండు గీతలు గీసి గర్వముతో చూపితిని. వారు చూచి, “ముగ్గురిలో ముగ్గురును పోయిరి. పండ్లెవరికి పంచితివిరా?” అనిరి. తరగతి యంతయు నవ్వినది.

తప్పెక్కడ? 5ను 8ని సున్నచే గుణించిన రెండును సున్నయే; అంతమాత్రమున 5, 8 సమానములు కావు. నేను గుణించిన (యా−3) సున్న కాదని అడుగకయే నమ్మితిని. ముందుగా రెండు భిన్నములను కలిపినచో (యా−3)/(యా−3), అనగా 1, వచ్చెడిది. ఒకటి రెండగునా? ఆ లెక్కకు జవాబు లేదు. లేదని చెప్పుటయే సరియైన సమాధానము.

ఈ సున్న పెద్దలనుకూడ తికమక పెట్టినది. సున్నచే భాగించినను సంఖ్య మారదని 9వ శతాబ్దిలో మహావీరాచార్యుడు గణితసారసంగ్రహమున వ్రాసెను. ఆ గ్రంథమునే మన పావులూరి మల్లన తెనుగు చేసెను. సున్నచే భాగించుటకు అర్థము లేదనునది నేటి గణితనియమము.

కావున విద్యార్థులారా, హారము ఏ విలువకు సున్న యగునో మొదట ప్రక్కన వ్రాసికొనుడు. పిమ్మట హారములను తొలగింపుడు. వచ్చిన విలువను మొదటి సమీకరణమునందే నిలిపి చూడుడు. నాటినుండి నేను ఈ మూడవ పని ముగియనిదే జవాబు క్రింద గీత గీయలేదు.