పసిబిడ్డ పాలు తాగకపోతే...

మన షాంటిలీ చుట్టుపక్కల తెలుగిళ్ళలో కాన్పు సాయానికి అమ్మమ్మో నాయనమ్మో ఇండియా నుంచి రావడం మామూలే. రెండో రోజునో మూడో రోజునో బిడ్డ పాలు తాగక మగతగా పడుంటే "పసిగుడ్డు, నిద్రెక్కువ" అంటారు. చాలాసార్లు అది నిజమే. ఎప్పుడో అరుదుగా మాత్రం కాదు. ఆ అరుదైన జబ్బు గురించే ఇవాళ చెప్పుకుందాం.

మాంసకృత్తులు అరిగాక ఒంట్లో అమోనియా మిగులుతుంది. అది మెదడుకి విషం. కాలేయం దాన్ని యూరియాగా మార్చి మూత్రంలో పంపేస్తుంది. అందుకు వరసగా కొన్ని ఎంజైములు పనిచేయాలి. వాటిలో మొదటిది సీపీఎస్-1. అది లోపిస్తే అమోనియా రక్తంలో పేరుకుపోతుంది. కడుపులో ఉన్నన్నాళ్ళూ తల్లి శరీరమే ఆ పని చూసుకుంటుంది కనుక బిడ్డ పుట్టినప్పుడు బాగానే కనిపిస్తాడు.

తల్లికీ తండ్రికీ ఈ జన్యువు రెండేసి ప్రతులుంటాయి. ఒకటి చెడినా రెండోది కాపాడుతుంది. ఇద్దరి నుంచీ చెడినదే వస్తే బిడ్డకు జబ్బు. అలాంటి దంపతులకు ప్రతి కాన్పులోనూ నాలుగింట ఒక వంతు అవకాశం. మేనరికాల్లో ఈ ముప్పు ఇంకాస్త ఎక్కువ.

మనకు దగ్గర్లోని బాల్టిమోర్‌లో, జాన్స్ హాప్కిన్స్ డాక్టర్లు సాల్ బ్రూసిలో, మార్క్ బాట్‌షా 1980 ప్రాంతాల్లో సోడియం బెంజోయేట్ వంటి మందులతో నైట్రోజన్‌ని వేరే దారిన బయటికి పంపే వైద్యం తెచ్చారు. మాంసకృత్తులు తగ్గించిన ఆహారం, అవసరమైతే డయాలసిస్, కాలేయ మార్పిడి ఉండనే ఉన్నాయి.

జన్యువునే బాగుచేయాలన్న ఆశకు 1999లో పెద్ద దెబ్బ తగిలింది. ఇదే కోవకు చెందిన జబ్బున్న 18 ఏళ్ళ కుర్రాడు ఫిలడెల్ఫియాలో జన్యుచికిత్స ప్రయోగంలో చనిపోయాడు. అదే ఊళ్ళో, 2025 ఫిబ్రవరిలో, డాక్టర్లు రెబెకా ఆరెన్స్-నిక్లస్, కిరణ్ ముసునూరు బృందం సీపీఎస్-1 లోపమున్న ఒకే ఒక్క పసివాడి కోసం ఆరు నెలల్లో తయారుచేయించిన మందు మొదటిసారి ఎక్కించారు. సన్నని కొవ్వు రేణువుల్లో కాలేయానికి చేరి, జన్యువులో తప్పిన అక్షరాన్ని దిద్దే మందు అది. మూడు మోతాదుల తరవాత బిడ్డ మాంసకృత్తులు ఎక్కువ తట్టుకోగలిగాడు, జూన్‌లో ఇంటికెళ్ళాడు. జబ్బు పూర్తిగా నయమైందని డాక్టర్లు అనలేదు. ఏళ్ళ తరబడి కనిపెట్టి ఉండాలి.

అయితే ఆ మందు వచ్చేదాకా బిడ్డ నిలిచాడంటే, పుట్టిన తొలిరోజుల్లోనే జబ్బు పట్టుబడటం వల్లే. మడమ నుంచి తీసే రక్తం బొట్ల పరీక్షలో ఇవన్నీ దొరకవు. కాబట్టి పసిబిడ్డ పాలు మాని, వాంతులు చేసుకుంటూ, మగతగా, ఎగశ్వాసతో ఉంటే వెంటనే ఎమర్జెన్సీకి తీసుకెళ్ళండి. "రక్తంలో అమోనియా చూశారా?" అని అడగండి. అడగడానికి మొహమాటపడకండి.