పాత పీఎస్4కు ఎస్ఎస్‌డీ వేస్తే ఎంత కలిసొస్తుంది?

2013 నవంబరులో వచ్చిన తొలి ప్లేస్టేషన్ 4లో 500 జీబీ హార్డ్ డిస్క్ ఉండేది. నిమిషానికి 5400 చుట్లు, అంటే సెకనుకు 90. ఒక్కో చుట్టుకు 11 మిల్లీసెకన్లు పడుతుంది. కావలసిన డేటా హెడ్ కిందికి వచ్చేదాకా సగటున అందులో సగం సేపు ఎదురుచూడాలి. హెడ్ సరైన చోటికి జరగడానికి పట్టే సమయమూ కలిపితే 15 మిల్లీసెకన్లు దాటడం మామూలే. ఎస్ఎస్‌డీలో తిరిగే భాగాలే ఉండవు కాబట్టి అదే డేటా మిల్లీసెకనులో పదో వంతుకే అందుతుంది.

ఒక గేము 2,000 చోట్ల నుంచి డేటా ఏరుకోవాలనుకుందాం. హార్డ్ డిస్క్‌కు వెతుకులాటకే 30 సెకన్లు పడుతుంది, ఎస్ఎస్‌డీకి 0.2 సెకను చాలు. ఈ వెతుకులాట తప్పించడానికే గేము తయారీదారులు ఒకే డేటాను డిస్కులో పలుచోట్ల పెట్టేవారు. పీఎస్4 స్పైడర్‌మ్యాన్‌లో కొన్ని ముక్కలు 400 సార్లు రాసి ఉన్నాయని పీఎస్5 రూపకర్త మార్క్ సెర్నీ 2020లో చెప్పారు. స్థలం ఎంత వృథాయో చూడండి!

అయితే ఎస్ఎస్‌డీ పెట్టె మీద రాసిన 500 ఎంబీ వేగం చూసి లోడింగ్ ఐదు రెట్లు తగ్గుతుందని ఆశపడకండి. తొలి మోడల్ సాటా లైను 300 ఎంబీకి మించి మోయలేదు. 2016లో వచ్చిన ప్రోలో ఆ హద్దు 600. అసలు అడ్డంకి ప్రాసెసర్. గేము డేటా కుదించి ఉంటుంది; దాన్ని విప్పే పనిలో ఎక్కువ భాగం తొలి మోడల్‌లో 1.6 గిగాహెర్ట్జ్ వేగంతో నడిచే జాగ్వార్ కోర్లదే. బావిలో నీళ్లెన్ని ఉన్నా చేదకు పట్టినన్నే పైకొస్తాయి. అందుకే చాలా గేముల్లో లోడింగ్ మూడో వంతు నుంచి సగం దాకా తగ్గుతుంది, అంతే. ఫ్రేమ్‌రేటు పెరగదు. డేటాను విప్పే పనికి విడిగా హార్డ్‌వేర్ పెట్టిన పీఎస్5 సంగతి వేరు: 2019లో సోనీ చూపించిన డెమోలో, పీఎస్4 ప్రోలో 8 సెకన్లు పట్టిన స్పైడర్‌మ్యాన్ లోడింగ్ 0.8 సెకనుకు దిగింది.

ఆ సగమైనా తక్కువేమీ కాదు. 11.7 కోట్లకు పైగా అమ్ముడైన యంత్రమిది, ఇంకా ఎన్నో ఏళ్లు ఆడుకోవచ్చు. మామూలు సాటా ఎస్ఎస్‌డీ చాలు, ఖరీదైనది దండగ. లోపల వేయాలంటే మందం 9.5 మి.మీ. మించకూడదు, సిస్టమ్ సాఫ్ట్‌వేర్ పూర్తి ఫైలు పెన్‌డ్రైవ్‌లో సిద్ధంగా ఉండాలి. స్క్రూ విప్పడం ఇష్టం లేకపోతే, 2017 మార్చిలో వచ్చిన 4.50 అప్‌డేట్ నుంచి 250 జీబీ నుంచి 8 టీబీ దాకా యూఎస్‌బీ 3.0 డ్రైవ్‌లోనే గేములు నడుపుకోవచ్చు. సేవ్ ఫైళ్లు మాత్రం లోపలి పాత డిస్కులోనే ఉండిపోతాయి. పదేళ్లు దాటిన డిస్కుకు ఏ రోజైనా నూకలు చెల్లవచ్చు కాబట్టి, ముందు వాటిని పెన్‌డ్రైవ్‌లోకి బ్యాకప్ తీసుకోండి.